కబురు అందేలోగా లెక్క

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట నుండి రాకెట్ ఎగరడం మీలో కొందరైనా చూసి ఉంటారు. పైకి లేచే రాకెట్‌ను గాలి ఎక్కడ, ఎంత బలంగా ఒత్తుతుంది? ఎగరక ముందే ఇది తెలియాలి. లెక్క తప్పితే రాకెట్టే దెబ్బతినవచ్చు.

ఇలాంటి లెక్కల కోసం ఇస్రో 2011లో తిరువనంతపురంలో ‘సాగా-220’ అనే సూపర్ కంప్యూటర్‌ను నెలకొల్పింది. శ్రీహరికోట కేంద్రానికిలాగే ఆ గణన కేంద్రానికీ సతీష్ ధావన్ పేరు పెట్టారు. అందులో 400 జి.పి.యు.లను అమర్చారు. ఎన్నో చిన్న లెక్కలను ఒకేసారి చేయగల పరికరమే జి.పి.యు.

ఇన్నింటికి పని పంచడమెలా? రాకెట్ చుట్టూ ఉన్న గాలిని చిన్న చిన్న గడులుగా ఊహించి, ఒక్కో జి.పి.యు.కు కొన్ని గడుల ముక్క అప్పగిస్తారు. గాలి ఒక గడి నుండి పక్క గడికి పారుతుంది కదా! అందువల్ల ముక్క అంచున ఉన్న గడుల లెక్కకు పొరుగు జి.పి.యు. అంకెలు కావాలి. అవి వచ్చేదాకా ఊరకే ఉంటే కాలం వృథా.

వంటింట్లో అమ్మను గమనించండి. చేపల పులుసుకు మామిడికాయ తెమ్మని తమ్ముణ్ణి అంగడికి పంపి, చేతులు ముడుచుకుని కూర్చోదు. ఆలోగా ఉల్లిపాయలు తరిగేస్తుంది. జి.పి.యు.ల చేత కూడా ఇలాగే పని చేయించవచ్చు. ముందుగా అంచు గడుల లెక్క ముగించి, ఆ అంకెలను పొరుగుకు పంపాలి. అవి దారిలో ఉండగానే లోపలి గడుల లెక్క సాగించాలి. వీటికి పొరుగు అంకెలతో పనిలేదు.

అంచు లెక్కకు 2 సెకన్లు, పంపడానికి 6, లోపలి లెక్కకు 8 పడతాయనుకుందాం. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే 16 సెకన్లు. పంపడమూ, లోపలి లెక్కా కలిసి సాగితే 10 చాలు! ప్రయాణ కాలం లెక్క చాటున దాగిపోయింది.

మరి జి.పి.యు.లను పెంచుకుంటూ పోతే? ముక్కలు చిన్నవవుతాయి. భుజానికి 100 గడులున్న ఘనంలో మొత్తం 10,00,000 గడులు. లోపలివి 98×98×98, అంటే 9,41,192. అంచువి 58,808 మాత్రమే, నూటికి 6 కూడా లేవు. భుజానికి 10 గడులే ఉంటే 1,000లో 488 అంచువే! లోపలి పని తరిగిపోతే, ప్రయాణ కాలం దాగడానికి చాటు మిగలదు. కాబట్టి యంత్రాలు రెట్టింపు చేసినంత మాత్రాన వేగం రెట్టింపు కాదు.

భుజానికి 20 గడులుంటే అంచు గడులు నూటికి ఎన్ని? మీరే లెక్కకట్టి చూడండి.