7.4 పాటల ఫైళ్లను మూకుమ్మడిగా మార్చడం

సీడీలోని పాట అంకెల రూపంలో ఉంటుందని ఇంతకుముందు చదివారు. అందులో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 16 బిట్లు. స్టీరియో కాబట్టి ఇలాంటి వరుసలు రెండు. లెక్క వేసి చూడండి: 5 నిమిషాల పాటకు దాదాపు 53 మెగాబైట్ల చోటు కావాలి. వెయ్యి పాటలకు 53 గిగాబైట్లు! అందుకే ఫైళ్లను కుదిస్తారు.

కుదింపు రెండు రకాలు. పరుపును చుట్టి తాడు కడితే తక్కువ చోటు పడుతుంది, విప్పితే మళ్లీ అదే పరుపు. 2001లో వచ్చిన ఫ్లాక్ పద్ధతి ఇలాంటిది. ఇందులో ఒక్క బిట్ కూడా పోదు. ఎంపీ3 అలా కాదు. చెవికి అంతగా తెలియని భాగాలను అది తీసేస్తుంది. సెకనుకు 192 కిలోబిట్ల చొప్పున చేసిన ఎంపీ3లో పై పాట సుమారు 7 మెగాబైట్లే అవుతుంది. కాని వడ్లు దంచి బియ్యం చేశాక మళ్లీ వడ్లు కావు కదా! ఎంపీ3ని ఫ్లాక్‌గా మారిస్తే ఫైలు పెద్దదవుతుంది తప్ప పోయిన ధ్వని తిరిగి రాదు.

ఫోనులో చోటు చాలక వెయ్యి ఫ్లాక్ పాటలను ఎంపీ3లుగా మార్చాలనుకుందాం. ఒక్కొక్కటీ తెరవనక్కరలేదు. పాటలున్న ఫోల్డరు, కొత్తవి చేరవలసిన ఫోల్డరు, కావలసిన నాణ్యత చెబితే ప్రోగ్రాం వరసగా మార్చుకుపోతుంది. ఈ రెండు ఫోల్డర్లూ వేరువేరుగా ఉండాలి. మార్చగానే అసలు ఫైలును తొలగించే వీలు కొన్ని ప్రోగ్రాంలలో ఉంటుంది. దాని జోలికి పోకండి. ఇక్కడ ఒక్క తప్పు వెయ్యి పాటల్లోనూ తప్పవుతుంది. కాబట్టి ముందు పది పాటలు మార్చి వినండి. పాట పేరు, గాయకుల పేరు సరిగా వచ్చాయో లేదో కూడా చూడండి. ఎంపీ3లో పేర్లు రాసే తొలి పద్ధతిలో తెలుగు లిపికి ఏర్పాటు లేదు. అక్షరాల బదులు ప్రశ్న గుర్తులు కనబడవచ్చు.

ఫ్లాక్‌ను ఫ్లాక్‌గానే మళ్లీ కుదించవచ్చు. 0 నుంచి 8 దాకా స్థాయిలున్నాయి. ఏ స్థాయిలోనైనా ధ్వని ఒకటే. పై స్థాయిలో పని నెమ్మదిస్తుంది, ఫైలు కొంచెం తగ్గుతుంది. 5లో ఉన్నవాటిని 8కి మార్చితే మిగిలే చోటు శ్రమకు తగినంత ఉండదని మా అభిప్రాయం.

మార్చే ముందు మరొక పని ఉంది. సాధారణంగా ఫ్లాక్ ఫైలు మొదట్లో అసలు ధ్వని నుంచి లెక్కగట్టిన ఎండీ5 అనే సంఖ్య ఉంటుంది. ఫ్లాక్ ప్రోగ్రాంలోని పరీక్ష ఫైలును విప్పి, ఆ సంఖ్యను మళ్లీ లెక్కగడుతుంది. రెండూ సరిపోతే ధ్వని చెక్కుచెదరలేదన్నమాట. సరిపోకపోతే సీడీ నుంచి మళ్లీ ఎక్కించుకోవాలి. ఊళ్లో ఒక్కసారే రికార్డు చేసిన హరికథ అయితే ఆ అవకాశమూ ఉండదు. అలాంటివాటికి రెండో ప్రతిని వేరే డిస్కులో దాచండి. రేపు ఎంపీ3 బదులు, 2012లో ప్రమాణంగా స్థిరపడిన ఓపస్ కావాలన్నా, ఆ ఫ్లాక్ ప్రతి నుంచే తయారుచేసుకోవచ్చు.