నేల క్రింది చెమ్మ

మంజీర నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన నిజాంసాగరము బాన్సువాడ పొలాలకు ప్రాణాధారము. ఇటువంటి జలాశయాలలో వెదురు పుట్టి పాతకాలపుది. ఫైబరు పడవ నిన్నమొన్నటిది.

గాజునారను రెసిన్‌తో తడిపి, పొరపై పొర వేసి చేసిన ఈ పడవకు చివుకు లేదని పలువురి నమ్మకము. గాజునార చివకదన్నది నిజమే. కాని సన్నని నెర్రెలగుండా దిగిన నీరు, నేలకు బలముగా లోపల ఉంచిన చెక్కను మెల్లగా చివికించును.

అందుచేత బాగుచేయువాడు ముందు నేలను సుత్తితో తట్టి వినవలెను. గట్టిచోట ఖంగున మ్రోగును. చివికినచోట శబ్దము మందగించును. అచ్చట కోసి, పాడైన చెక్కను తీసి, పూర్తిగా ఆరనీయవలెను. పిమ్మట అడుగుభాగపు నెర్రెల అంచులను వాలుగా అరగదీసిన, అతుకునకు చోటు హెచ్చి పట్టు కుదురును. గాజుధూళి ఊపిరికి హాని గనుక ముఖానికి ముసుగు తప్పదు. గట్టిపరచు ద్రవము కలిపిన రెసిన్ కొద్ది నిమిషాలలోనే బిగియును. కొత్త పొరలను ఆలోపే అతకవలెను.

అతుకుటలో ఆలస్యము, ఆరబెట్టుటలో తొందర, రెండును చేటే. చెమ్మపై వేసిన పూత ఒడ్డున మెరయును. నడినీట మాత్రము, దానిని నమ్మి నిలిచినవాని ప్రాణానికే ముప్పు తెచ్చును.