మాంసకృత్తులు – కండరాల ఆరోగ్యం: డెల్టా ఇంటి భోజనం ఆధారంగా ఒక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• శరీరంలో మాంసకృత్తులు చేసే పనులను వివరించగలుగుతారు.
• అన్నం, పప్పు కలిపి తినడం వల్ల కలిగే ప్రయోజనాన్ని తెలపగలుగుతారు.
• ఒక వ్యక్తికి రోజుకు కావలసిన మాంసకృత్తులను లెక్కించగలుగుతారు.

1. పరిచయం

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల మాగాణుల్లో వరి కోతకు కొద్ది రోజుల ముందు, చేలో తడి ఉండగానే మినుములు గానీ పెసలు గానీ చల్లడం మీలో చాలామంది చూసే ఉంటారు. మినుము మొక్క వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మారుస్తుంది. ఆ నత్రజనిలో ఎక్కువ భాగం గింజలో మాంసకృత్తుగా చేరుతుంది. పిండిపదార్థాల్లో, కొవ్వుల్లో నత్రజని ఉండదు. మాంసకృత్తుల బరువులో సుమారు 16 శాతం నత్రజనే.

ఈ ప్రాంతంలో అపరాలు పండుతాయి, ఇళ్లలో పాడి ఉంటుంది, నిజాంపట్నం రేవు నుంచి చేపలు, రొయ్యలు వస్తాయి. అయినా చేలో పండినదంతా కంచంలోకి, అందులోనూ ఇంట్లో అందరి కంచాల్లోకి చేరుతోందా అన్నది వేరే ప్రశ్న. ఈ పాఠంలో దాన్ని అంకెలతో పరిశీలిద్దాం.

2. మాంసకృత్తులు చేసే పనులు

మాంసకృత్తులు అమైనో ఆమ్లాల గొలుసులు. వీటి నిర్మాణంలో 20 రకాల అమైనో ఆమ్లాలు పాల్గొంటాయి. వాటిలో 9 ఆమ్లాలను శరీరం తయారుచేసుకోలేదు. ఆహారం ద్వారానే పొందాలి. వీటిని ఆవశ్యక అమైనో ఆమ్లాలు అంటారు.

కండరాలు, చర్మం, వెంట్రుకలు మాంసకృత్తులతోనే నిర్మితమవుతాయి. జీర్ణక్రియకు తోడ్పడే ఎంజైములు, ఇన్సులిన్ వంటి హార్మోన్లు, రోగాలను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ కూడా మాంసకృత్తులే.

కండరం ఒకసారి కట్టి వదిలేసిన గోడ వంటిది కాదు. అందులోని మాంసకృత్తులు ప్రతిరోజూ కొంత విచ్ఛిన్నమవుతాయి, కొంత కొత్తగా ఏర్పడతాయి. కొవ్వును నిల్వచేసినట్లు మాంసకృత్తులను విడిగా నిల్వచేసే ఏర్పాటు శరీరంలో లేదు. ఆహారంలో కొరత ఏర్పడితే శరీరం కండరాన్నే కరిగించి అత్యవసర అవయవాలకు అమైనో ఆమ్లాలను అందిస్తుంది. జబ్బుచేసి కొన్నాళ్లు మంచం పట్టినవారి తొడలు, పిక్కలు సన్నబడటానికి ఇది ఒక కారణం. కదలిక లేకపోవడం మరొక కారణం.

3. అన్నం, పప్పు: ఒకదాని లోటును మరొకటి పూరించడం

బియ్యంలోని మాంసకృత్తుల్లో లైసీన్ తక్కువ, మెథియోనిన్ తగినంత ఉంటుంది. పప్పుధాన్యాల్లో లైసీన్ ఎక్కువ, మెథియోనిన్ తక్కువ. రెండూ కలిపి తింటే ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. పప్పన్నం, ఇడ్లీ, దోశ, పొంగలి ఈ సూత్రానికి మంచి ఉదాహరణలు. గుడ్డు, పాలు, చేప, మాంసాలలో ఆవశ్యక అమైనో ఆమ్లాలన్నీ తగిన పాళ్లలో ఉంటాయి.

4. ఎంత అవసరం?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి 2020లో చేసిన సిఫారసు ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇంతకంటే ఎక్కువ అవసరం.

వండని 100 గ్రాముల పదార్థంలో మాంసకృత్తులు సుమారుగా ఇలా ఉంటాయి: బియ్యం 8 గ్రాములు, మినప్పప్పు 23, పెసరపప్పు 24, కందిపప్పు 22, వేరుశనగ గుళ్లు 24, గుడ్డు 13, గేదె పాలు 3.7.

5. ఒక లెక్క

ఒక ఇంట్లో 50 కిలోల బరువున్న నాయనమ్మ ఉన్నారనుకుందాం. ఆమెకు కావలసినవి 50 × 0.83 = 41.5 గ్రాములు. పళ్లు లేవని, అరగదని ఆమె భోజనం క్రమంగా చారన్నం, మజ్జిగన్నానికి కుదించుకుపోయింది. ఆమె రోజంతటికీ తినేది 250 గ్రాముల బియ్యం, చారులో 10 గ్రాముల కందిపప్పు, 135 గ్రాముల గేదె పాలతో అయిన మజ్జిగ.

బియ్యం నుంచి 20, కందిపప్పు నుంచి 2, పాల నుంచి 5. మొత్తం 27 గ్రాములు. లోటు 14.5 గ్రాములు. కడుపు నిండినట్లే ఉంటుంది, ఆకలి తెలియదు. కానీ పీట మీద నుంచి లేవడానికి చేతి ఊతం కావలసివస్తుంది, నడకలో తూలు వస్తుంది. వయసుతో కండరం కొంత తగ్గడం సహజమే. ఆహార లోటు దానికి తోడైతే ఆ తగ్గుదల వేగవంతమై, పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే స్త్రీల విషయంలోనూ ఇదే లెక్క వేసి చూడండి.

ఈ లోటు తీర్చడం కష్టం కాదు. ఉడికించిన గుడ్డు ఒకటి 6.5 గ్రాములు, మెత్తగా ఉడికించిన 35 గ్రాముల పప్పు సుమారు 8 గ్రాములు ఇస్తాయి. గుడ్డు తినని ఇంట్లో 30 గ్రాముల వేరుశనగ గుళ్లను మెత్తగా నూరి పచ్చడిలో కలిపితే 7 గ్రాములు వస్తాయి. మినప సున్నుండ కూడా మంచిదే, అయితే మధుమేహం ఉన్నవారు అందులోని బెల్లాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

6. గమనించవలసిన అంశాలు

• మొత్తం ఆహారమే చాలకపోతే, శరీరం మాంసకృత్తులను శక్తి కోసం ఖర్చుచేస్తుంది. కాబట్టి అన్నం మరీ తగ్గించి పప్పు పెంచితే ఫలితం ఉండదు.
• మాంసకృత్తులను ఒక్క పూటే కాక మూడు పూటలకూ పంచుకోవడం మంచిది.
• కండరానికి ఆహారంతోపాటు పని కూడా కావాలి. నడక, కుర్చీలోంచి లేచి కూర్చోవడం వంటి వ్యాయామాలు అవసరం.
• అవసరానికి మించి తిన్నంత మాత్రాన కండరం పెరగదు. ఖరీదైన పొడులు అందరికీ అక్కరలేదు.
• మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుల సలహా లేకుండా మాంసకృత్తులు పెంచరాదు.

7. సారాంశం

మాంసకృత్తులు శరీర నిర్మాణానికి, నిర్వహణకు అవసరం. రోజువారీ కొరతను శరీరం కండరం నుంచి తీర్చుకుంటుంది. అన్నంతోపాటు తగినంత పప్పు, పాలు, గుడ్డు లేదా చేప చేరితే ఈ కొరత రాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఆవశ్యక అమైనో ఆమ్లాలు అంటే ఏమిటి?
2. 60 కిలోల బరువున్న వ్యక్తికి రోజుకు ఎన్ని గ్రాముల మాంసకృత్తులు కావాలి? (జవాబు: 49.8 గ్రాములు)
3. మీ ఇంట్లో అందరికంటే పెద్దవారు నిన్న తిన్న ఆహారాన్ని రాసి, అందులోని మాంసకృత్తులను లెక్కించండి. లోటు ఉంటే మీ వంటింట్లో ఉన్న పదార్థాలతోనే దాన్ని ఎలా పూరిస్తారో రాయండి.