మీకు తెలుసా? పొట్లం కన్నా పంచనామా బరువు

ఆదోని బస్టాండులో రాయచూరు బస్సు దిగిన కుర్రాడి మీద గంజాయి అనుమానం వచ్చిందనుకోండి. అతని జేబులు తడమబోయే ముందు ఎస్సై ఒక మాట చెప్పి తీరాలి. గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా చేయించుకునే హక్కు నీకుంది, పిలిపించమంటావా అని. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్, 50వ సెక్షను సారాంశం ఇది. గంజాయి కేసుల్లో పోలీసు జీపు వెనకాలే తహసీల్దారు గారూ దిగడం వెనక ఉన్న కారణం ఇదే. ఆ మాట చెప్పకుండా తడిమితే, నిజంగానే సరుకు దొరికినా దాని ఆధారంగా వేసిన శిక్ష నిలవదు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాలు 1999లో బల్దేవ్ సింగ్ కేసులోనూ, 2010లో విజయ్‌సింహ్ జడేజా కేసులోనూ ఈ సంగతి తేల్చేశాయి.

ఇందులో ఓ మెలిక ఉంది. ఈ హక్కు ఒంటి మీది సోదాకే. చేతిలోని సంచికి వర్తించదు. 2005లో ఒకసారి, 2023లో మరోసారి సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అంటే పొట్లం జేబులో ఉంటే ఒక లెక్క, సంచిలో ఉంటే మరో లెక్క.

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో రాత్రి పదింటికి వారెంటు లేకుండా తలుపు కొట్టొచ్చా? కొట్టొచ్చు. కానీ వారెంటుకు వెళ్తే ఆలోగా సరుకు మాయమవుతుందనో మనిషి పారిపోతాడనో ఎందుకు నమ్మాడో అధికారి ముందే కాగితం మీద పెట్టాలి. దాని నకలు 72 గంటల్లో పై అధికారికి చేరాలి. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఇళ్లలో చేసే సోదాలకు 42వ సెక్షను పెట్టిన షరతు ఇది. బస్టాండు, రైల్వే స్టేషను లాంటి చోట్లకు ఈ బాధ లేదు, వాటికి 43వ సెక్షను వేరే ఉంది.

గంజాయి అంటే ఏమిటో చట్టం రాసిన తీరు చూస్తే ఇంకా ఆశ్చర్యం. పూత, కాయ పట్టిన కొసలే గంజాయి. ఆ కొసలు లేకుండా వట్టి ఆకు, వట్టి గింజ ఉంటే అది గంజాయి లెక్కలోకి రాదు. కిలో దాకా చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. వాణిజ్య మొత్తమైతే కనీస శిక్ష పదేళ్లు, బెయిలు దొరకడం కూడా గగనం. ఇక మొక్కను వేరుతో సహా పీకి, ఆకూ కాడా అన్నీ కలిపి కాటా వేసి 21 కిలోలని రాసేస్తే? పత్తి యార్డులో తేమ పేరుతో తరుగు తీయించుకున్న ఆదోని రైతుకు ఆ తూకం మీద పేచీ ఎందుకో విడమరచి చెప్పనక్కర్లేదు. డిఫెన్సు లాయర్లు చాలా కేసుల్లో మొదట పట్టుకునేది ఈ కొసనే.

ఆ తూకం రాసే కాగితాన్నే మన దగ్గర పంచనామా అంటాం, మధ్యవర్తుల రిపోర్టు అనీ అంటాం. కింద సంతకాలు చాలాసార్లు వీఆర్వోలవే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్, 105వ సెక్షను ప్రకారం సోదా మొదలుకొని జాబితా రాయడం, సాక్షులు సంతకాలు పెట్టడం దాకా వీడియో తీయాలి, ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. సెల్‌ఫోను చాలు. స్టేషనుకు పిలిపించి, రాసిపెట్టిన కాగితం మీద సంతకం చేయించుకునే పాత పద్ధతికి ఇది గొంతులో వెలక్కాయే.

పట్టుకున్న సరుకు భద్రంగా ఉంటుందని కూడా నమ్మకం లేదు. 2022లో ఉత్తరప్రదేశ్‌లోని మథుర పోలీసులు స్టేషను గోదాముల్లో దాచిన 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని కోర్టుకు చెప్పుకున్నారు. ఆ ఎలుకలను సాక్షులుగా పిలిచే వీలు మాత్రం చట్టంలో లేదు.

అసలు సంగతికి వద్దాం. తప్పుడు సోదా చేసిన అధికారికి శిక్ష ఉందా? ఉంది, 58వ సెక్షను. సరైన అనుమానం లేకుండా ఇంట్లో చొరబడినా, వేధించడానికే సోదా చేసినా, అరెస్టు చేసినా ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే సెక్షను రెండో భాగం కక్షతో తప్పుడు సమాచారం ఇచ్చి సోదా చేయించిన మనిషి గురించి. అతనికి రెండేళ్ల దాకా. అంటే అబద్ధపు కబురు ఇచ్చిన పక్కింటివాడికి రెండేళ్లు, కారణం లేకుండా తలుపు పగలగొట్టిన అధికారికి ఆరు నెలలు! ఈ లెక్క ఎవరు వేశారో గానీ, వెయ్యి రూపాయలన్న అంకె ఇన్నేళ్లుగా ఎవరి కంటికీ తక్కువగా కనిపించకపోవడం విడ్డూరం. మన రాష్ట్రంలో గంజాయి కబురు చెప్పడానికి 1972 నంబరు ఉంది, 2024లో పెట్టిన ఈగల్ విభాగానిది. ఫోను చేసే ముందు ఆ రెండేళ్ల సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

58వ సెక్షను పెద్ద అధికారి దాకా వెళ్లిన సందర్భం ఒకటుంది. 1996లో గుజరాత్‌లోని పాలన్‌పూర్‌లో ఒక హోటల్ గదిలో కిలోన్నర నల్లమందు దొరికిందని రాజస్థాన్ లాయరు మీద కేసు పెట్టారు. అది పోలీసులే పెట్టించిన సరుకని, వెనకాల ఆస్తి తగాదా ఉందని ఆరోపణ. అప్పటి జిల్లా ఎస్పీ సంజీవ్ భట్‌కు సెషన్స్ కోర్టు ఈ సెక్షనుతో పాటు వేరే సెక్షన్లూ కలిపి 20 ఏళ్ల శిక్ష వేసింది, 2024 మార్చిలో. 28 ఏళ్లు పట్టింది. ఇది రాజకీయ కక్ష అన్నది ఆయన వైపు మాట. కేరళలోని చాలకుడిలో 2023 ఫిబ్రవరిలో ఒక బ్యూటీ పార్లర్ యజమానురాలి సంచిలో ఎల్‌ఎస్‌డీ స్టాంపులు దొరికాయని ఎక్సైజు వాళ్లు పట్టుకెళ్లారు. 72 రోజులు జైల్లో ఉందావిడ. ల్యాబు రిపోర్టు వచ్చాక తెలిసింది, అందులో మత్తుమందే లేదని. ఆవిడ మీద పెట్టిన కేసును హైకోర్టు కొట్టేసింది. సోదా చేసిన ఇన్‌స్పెక్టరు సస్పెండయ్యాడు.

మనవాళ్లు వేలల్లో స్థిరపడ్డ హ్యూస్టన్‌లో 2019 జనవరిలో ఇంకా ఘోరం. ఫలానా ఇంట్లో హెరాయిన్ కొన్నామని అబద్ధపు ప్రమాణపత్రంతో వారెంటు తెచ్చి తలుపు పగలగొట్టారు. భార్యాభర్తలిద్దరూ కాల్పుల్లో చనిపోయారు. హెరాయిన్ దొరకలేదు. వారెంటు రాయించిన అధికారి జెరాల్డ్ గోయిన్స్‌కు 2024లో 60 ఏళ్ల శిక్ష పడింది. అబద్ధం రాసింది ఒక కాగితం మీదే.

పోలీసుల మీది కేసు ఎక్కడ నడపాలన్నది కూడా చిన్న ప్రశ్న కాదు. 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట స్టేషనులో ఒక యువతిపై అత్యాచారం, అడగబోయిన భర్తను కొట్టి చంపడం. ఊరు అట్టుడికింది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. విచారణ మాత్రం మన పక్కనే ఉన్న రాయచూరు కోర్టుకు మారింది. ఆదోనిలో రైలెక్కితే మంత్రాలయం రోడ్డు దాటాక వచ్చే ఊరే. 1981లో అక్కడ నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఫిర్యాదు చేయాలంటే? రాష్ట్ర మానవ హక్కుల కమిషన్, లోకాయుక్త రెండూ 2021లో కర్నూలుకే వచ్చాయి. ఆ తర్వాత అమరావతికి మారుస్తారన్న మాట లేచింది కాబట్టి చిరునామా కనుక్కుని రాయండి. కమిషన్‌కు ఫీజు లేదు, తెల్లకాగితం మీద తెలుగులో రాసినా తీసుకుంటారు. సోదా జరిగిన తేదీ, టైము, వచ్చినవాళ్ల పేర్లు రాయాలి, పంచనామా నకలు ఉంటే జతచేయాలి. సంఘటన జరిగి ఏడాది దాటితే మాత్రం కమిషన్ విచారణకు తీసుకోదు.