ఫైబరు పడవకు గాయమైనచో

ఉదయవేళ పూరీ తీరమునందలి పెంటకోటలో నిలిచి చూచినచో ఇసుకపై వరుసగా లాగియుంచిన ఫైబరు పడవలు కన్పట్టును. పూర్వము మన తాతలు దుంగలను త్రాళ్లతో బిగించిన తెప్పలపై వేటకు పోయెడివారు. తెప్పకు దెబ్బ తగిలినచో దుంగను మార్చుటయో, త్రాటిని బిగించుటయో చాలియుండెను. 2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన వచ్చిన సునామీకి పిదప ఆంధ్ర, తమిళ తీరములందు ఫైబరు పడవల సంఖ్య మిక్కిలి పెరిగినది. పడవ మారినది గాని దానికి చికిత్స చేయు విద్య మన యిండ్లలో ఇంకను పాతుకొనలేదు. ఆ విద్యను గూర్చియే యీ వ్యాసము.

ముందుగా పడవ యొక్క పుట్టుక తెలియవలెను. అది లోపలనుండి వెలుపలికి గాక, వెలుపలనుండి లోపలికి పుట్టును. అచ్చునకు మైనము రాచి, దానిపై మొదట రంగు కలిపిన చిక్కని పాలియెస్టరు రెసినును ఇంచుమించు అర మిల్లీమీటరు మందమున పూయుదురు. దీనినే జెల్‌కోటు అందురు. అది కొంత గట్టిపడిన పిమ్మట గాజుపోగుల చాపలను పరచి, రెసినుతో తడిపి, పొరపై పొర వేయుదురు. అనగా చర్మము ముందు, ఎముక తరువాత. పడవకు బలమంతయు గాజుపోగులదే. జెల్‌కోటు పని నీటిని, ఎండను లోనికి రానీయకుండుట. ఈ భేదమును మరచిన వారే మరమ్మతులో పొరపడుదురు.

మన పడవలకు రేవుగోడలు లేవు. అలలపై వచ్చి ఇసుకను తాకును. పదిమంది చేరి పైకి లాగుదురు. ఇసుక ఆకురాయివలె అడుగును అరగదీయును. గవ్వపెంకు, రాయి, లంగరు కొన తగిలినచో గాటు పడును. గీతకు అడ్డముగా గోటిని నడిపి చూడుడు. గోరు తగులుకొననిచో అది మెరుగుపెట్టినంతనే పోవును. తగులుకొనినచో పూడ్చవలెను. గాటులో పోగులు కనబడినచో ఆలస్యము తగదు, ఏలయన పోగుల వెంబడి నీరు దీపపు వత్తిలో నూనెవలె లోనికి ప్రాకును.

మా పినతండ్రి పడవ అడుగున బెత్తెడు గాటు పడినప్పుడు నేను చెప్పితిని. ఆయన నవ్వి, "ఓరే, సిన్న గీతకి ఇంత గొడవేటిరా?" అనెను. వానకాలము గడచెను. పడవను లాగుటకు మునుపటికంటె ఇద్దరు ఎక్కువ కావలసి వచ్చిరి. గాటు చుట్టును బొబ్బలు లేచినవి. ఒకదానిని గీకగా పుల్లని వాసనగల నీరు కారెను. ఆ పడవను ఎండబెట్టుటకే వారములు పట్టినవి. అన్నినాళ్లు వేట లేదు. ఇంట అప్పు మిగిలెను.

ఇక మరమ్మతు. గాటును మంచినీటితో కడిగి ఉప్పు పోగొట్టి, పూర్తిగా ఆరనీయవలెను. తరువాత అసిటోనులో తడిపిన శుభ్రమైన గుడ్డతో జిడ్డును, మైనమును తుడువవలెను. ఇది ఉప్పుకాగితము పట్టుటకు ముందే చేయవలెను. లేనిచో జిడ్డు గరుకులలోనికి దిగి, కొత్త పూత అంటదు. సన్నని పగులైనచో పైన పూసినంత మాత్రమున లాభము లేదు. ఉలిమొనతో దానిని వెడల్పుచేసి, అంచులను 80 నంబరు కాగితముతో ఏటవాలుగా దిద్దవలెను. పోగులే తెగియున్నచో, లేక వ్రేలితో నొక్కగా ఆ చోటు లొంగుచున్నచో, ముందు గాజుచాపతో పొరలు వేసి బలము చేకూర్చవలెను. జెల్‌కోటుతో రంధ్రము మూయుట విరిగిన ఎముకపై పసుపు పూయుట వంటిది.

కలుపుటయే ప్రమాదకరమైన ఘట్టము. రెసినును గట్టిపరచు ద్రవమును మనవారు క్యాటలిస్టు అందురు. నూరు గ్రాముల జెల్‌కోటునకు ఒకటి మొదలు రెండు గ్రాములు చాలును. ఎండ తీవ్రముగా నున్న దినమున ఒకటికి దగ్గరగా నుంచవలెను. ఎక్కువైనచో పూత పెళుసగును, తక్కువైనచో ఎన్నటికి గట్టిపడదు. రంగును ముందే సరిపోల్చి, క్యాటలిస్టును చివరనే కలుపవలెను. కొన్ని రెసినులకు ఊదారంగు కోబాల్టు ద్రవమును గూడ కలుపుదురు. ఈ రెండు ద్రవములను ఎట్టి పరిస్థితియందును నేరుగా కలుపరాదు, ప్రేలును. కోబాల్టు రెసినులో బాగుగా కలిసిన పిదపనే క్యాటలిస్టు చేర్చవలెను. ఆ క్యాటలిస్టు బొట్టు కంటబడినచో చూపే పోవచ్చును. కంటి అద్దములు, చేతితొడుగులు లేక దానిని ముట్టకుడు. పొరపాటున పడినచో వెంటనే పావుగంటకు తగ్గకుండ నీటితో కడుగుచు, ఆసుపత్రికి పోవలెను. చుట్టలు, బీడీలు దూరముగ నుండవలెను. రెసిను ఆవిరి అంటుకొనును.

కొద్దికొద్దిగా కలుపుకొనుట మేలు. ఒకే డబ్బాలో ఎక్కువ కలిపినచో అది తనంత తానే వేడెక్కి పొగలు గ్రక్కును. గట్టిపడునపుడు పూత కొంత కుదించుకొనును గనుక, గాటును అంచులకంటె ఒక పిసరు ఎత్తుగా నింపవలెను. గాలి సోకిన ముఖము జిగటగానే యుండును. దానిపై పలుచని ప్లాస్టిక్కు కాగితమును బుడగలు లేకుండ పరచి, అంచులకు టేపు అంటించినచో గాలి తగులక చక్కగా గట్టిపడును. నీటి అడుగు భాగమునకు కారు పుట్టీ వాడుట కొందరికి అలవాటు. అది నీటిని పీల్చును, వలదు.

మరునాడు కాగితము తీసి, చెక్కముక్కకు ఉప్పుకాగితము చుట్టి, నీరు చిలుకుచు 220, 400, 600, 1000 నంబరులతో వరుసగా అరగదీయవలెను. చేతివ్రేళ్లతోనే రుద్దినచో గుంటలు పడును. చివర మెరుగుపిండి, మైనము. పాత రంగు ఎండకు వెలిసియుండును గాన కొత్త అతుకు కొంత కాలము వేరుగా కనబడును. మా పినతండ్రి పడవపై ఆ అతుకు నేటికిని అరచేతి యంత తెల్లగా కనబడుచున్నది. వేటనుండి వచ్చిన ప్రతి దినము ఆయన వంగి, ముందుగా దానిపై గోటిని నడిపి చూచి, ఆ తరువాతనే వలలు దింపును.