చిన్న ట్రాక్టరును ఉంచుకొనుటయా? ఇంకను చిన్నది కొనుటయా?

అన్నదమ్ముల పంపకము జరిగిన తరువాత ట్రాక్టరు ఎవరి వాటాకు వచ్చినదో ఆ రైతుకు ఒక చిక్కు ఎదురగుచుండును. భూమి తగ్గినది, యంత్రము మాత్రము వెనుకటిదే. నల్లగొండ జిల్లాకు చెందిన ఒక బత్తాయి రైతు ఇట్టి చిక్కుతోనే మా యొద్దకు వచ్చెను. 14 ఎకరముల ఉమ్మడి సేద్యములో అతని వంతుకు 8 ఎకరములు వచ్చినవి. అందు 5 ఎకరములు బత్తాయి తోట, 3 ఎకరములు వరి మడి. 27 హార్సుపవరు గల మినీ ట్రాక్టరు కూడ అతనికే వచ్చినది. "దీనిని అమ్మి 18 హార్సుపవరుది తీసుకొన్నచో డీజిలు కలిసివచ్చును గదా?" అని అతడు అడిగెను.

ఈ ప్రశ్నకు డీజిలు ఒక్కదానిని చూచి జవాబు చెప్పరాదు. ట్రాక్టరు ఏడాదిలో ఎన్ని గంటలు పనిచేయుచున్నది, అందు బరువైన పని ఏది, ఆ పనిని కిరాయికి చేయించుకొన వీలున్నదా అను మూడు సంగతులు తేలిన పిమ్మటనే నిర్ణయించుకొనవలెను.

పని గంటల లెక్క

ట్రాక్టరుపై గంటల మీటరు ఉండును. పని మొదలు పెట్టునపుడు, ముగించునపుడు ఆ అంకెను పుస్తకములో వ్రాసికొనుచుండవలెను. పై రైతు లెక్కలో తోట దున్నుటకు 70 గంటలు, మందు కొట్టుటకు 50 గంటలు, ట్రాలీ తోలుటకు 60 గంటలు, రెండు కారులలో వరి మడి దమ్ముకు 30 గంటలు, మొత్తము 210 గంటలు తేలినవి.

లాగుడు శక్తి ఎంత కావలెను?

గంటకు ఒక కిలోమీటరు వేగముతో 270 కిలోల లాగుడు చేయగల శక్తియే ఒక హార్సుపవరు. ఎర్ర చెలక నేలలో చిన్న గొర్రుకు 300 కిలోల లాగుడు, గంటకు 4 కిలోమీటర్ల వేగము కావలెననుకొందము. 300ను 4చే హెచ్చించి 270చే భాగించినచో సుమారు 4.4 హార్సుపవరు వచ్చును. దున్నిన మెత్తని నేలపై ఇంజను శక్తిలో ఇంచుమించు సగమే గొర్రును చేరును. కనుక ఇంజను నుండి 9 హార్సుపవరు కావలసియుండును. ఈ పనికి 18 హార్సుపవరు ట్రాక్టరు చాలును.

అయితే లాగుడు ఇంజనుపైననే గాక ట్రాక్టరు బరువుపైన కూడ ఆధారపడును. తేలిక బండికి బరువైన పని పెట్టినచో చక్రములు జారి టైర్లు అరుగును, డీజిలు వృథా యగును. నిండు ట్రాలీతో వాలు దిగునపుడు వెనుకనున్న బరువు చిన్న ట్రాక్టరును ముందుకు నెట్టును, బ్రేకులు నిలువజాలవు. ఇది ప్రాణాపాయము. కాబట్టి ట్రాక్టరు తగ్గించినవారు ట్రాలీ బరువును కూడ తగ్గించియే తీరవలెను.

చిన్న ట్రాక్టరుకు ఒక నిజమైన మేలు కలదు. 6 మీటర్ల ఎడముతో నాటిన బత్తాయి చెట్లు పెరిగిన కొలది సాళ్ల నడుమ దారి ఇరుకగును. పెద్ద బండి కొమ్మలను విరుచును. కొమ్మల నడుమ ఖాళీని టేపుతో కొలిచి చూచుకొనుడు. ట్రాక్టరు, దాని వెనుక పనిముట్టు ఆ ఖాళీలో సులువుగా తిరుగజాలనిచో, ఖర్చు కొంత ఎక్కువైనను చిన్నదే తగును. ఈ రైతు తోటలో దారి ఇంకను చాలినంత ఉన్నది.

ఖర్చుల లెక్క

క్రింది అంకెలు ఆ రైతువి. మీ అంకెలు వేరుగా నుండును, పద్ధతి మాత్రము ఇదియే. డీజిలు లీటరు 100 రూపాయలు, డ్రైవరు కూలి గంటకు 100 రూపాయలు, వడ్డీ నూటికి 10 రూపాయలుగా పెట్టుకొంటిమి. రైతు తానే నడిపినను కూలి లెక్క వేయవలెను.

ఉన్న ట్రాక్టరు: రోటావేటరుతో సహా నేటి వెల 3,00,000 రూపాయలు. 8 ఏండ్ల పిమ్మట 1,00,000 వచ్చునన్నచో ఏటా తరుగుదల 25,000. సగటు పెట్టుబడి 2,00,000పై వడ్డీ 20,000. బీమా, షెడ్డు 6,000. మరమ్మతులు 20,000. గంటకు 3 లీటర్ల వంతున డీజిలు 63,000. కూలి 21,000. మొత్తము 1,55,000 రూపాయలు.

కొత్త 18 హార్సుపవరు ట్రాక్టరు: పాత రోటావేటరు దీనికి బరువగును. కనుక చిన్న రోటావేటరుతో కలిపి 4,50,000 రూపాయలు. 8 ఏండ్ల పిమ్మట 1,70,000 వచ్చునన్నచో తరుగుదల 35,000. సగటు పెట్టుబడి 3,10,000పై వడ్డీ 31,000. బీమా, షెడ్డు 6,000. మరమ్మతులు 10,000. మందు కొట్టుటకు అదే 50 గంటలు పట్టినను, దున్నుటకు 105, ట్రాలీకి 90 గంటలు పట్టును. మొత్తము 245 గంటలకు 2 లీటర్ల వంతున డీజిలు 49,000, కూలి 24,500. దమ్ము కిరాయి రెండు కారులకు 21,000. మొత్తము 1,76,500 రూపాయలు.

డీజిలుపై 14,000 మిగిలిన మాట నిజమే. కాని మొత్తము మీద ఏటా 21,500 రూపాయలు నష్టము. పైగా పాతది అమ్మగా వచ్చిన సొమ్ము చాలక 1,50,000 రూపాయలు అప్పు చేయవలసి వచ్చును. డబ్బు మిగులునని తలచిన చోట అప్పు మిగులును.

లెక్క ఎప్పుడు మారును?

పాత ట్రాక్టరు మరమ్మతులు ఏటా 41,500 రూపాయలు దాటినచో చిన్నదియే మేలగును. వరి మానివేసినను వ్యత్యాసము బాగుగా తగ్గును. మంచి స్థితిలోనున్న పాత చిన్న ట్రాక్టరు చవకగా దొరికినచో, దాని మరమ్మతులు కలుపుకొని లెక్కను తిరిగి వేయవలెను.

అసలు ట్రాక్టరే లేకుండ కిరాయికి పని జరుపుకొనుట మూడవ మార్గము. గంటకు కిరాయి 800 రూపాయలైనచో 210 గంటలకు 1,68,000 అగును. ఈ రైతుకు సొంతదే 13,000 చవక. కాని అతని పని ఏటా సుమారు 167 గంటలకు తగ్గినచో రెండును సమానమగును, అంతకంటె తగ్గినచో కిరాయియే లాభము. కేంద్ర ప్రభుత్వము 2014-15లో ప్రారంభించిన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకము క్రింద అద్దె యంత్ర కేంద్రములకు సాయము లభించినది. అట్టి కేంద్రము మీ దాపున ఉన్నదేమో విచారించుడు. అయితే వాన పడిన మరునాడు ఊరందరికిని అదే యంత్రము కావలెను. కొత్త చిగురుపై పురుగు కనిపించినపుడు మందు ఆలస్యమగుట వలన కలుగు నష్టమును కూడ తూచుకొనవలెను.

అమ్ముటకే నిశ్చయించినచో

అప్పు పూర్తిగా తీర్చి, బ్యాంకు నుండి బాకీ లేదను పత్రము పొంది, రిజిస్ట్రేషను పుస్తకములో అప్పు నమోదును కొట్టివేయించుకొనవలెను. రాయితీపై కొన్నదైనచో అమ్మకమునకు గల షరతులను ముందుగా చూచుకొనవలెను. కొన్నవాడు మన రాష్ట్రమువాడే యైనచో అమ్మిన 14 రోజులలో రవాణా శాఖకు తెలియజేయవలెను. బండి పేరు మారనిచో, దాని వలన జరుగు ప్రమాదములకు బాధ్యత మీ మెడకు చుట్టుకొనవచ్చును.

ఆ రైతు ట్రాక్టరును ఉంచుకొనెను. ఖాళీ దినములలో పొరుగువారి తోటలలో కిరాయికి దున్ని, గంటల లెక్క పెంచుకొనుచున్నాడు. మీరును తొందరపడక, ఒక ఏడు గంటల మీటరు అంకెలను పుస్తకములో వ్రాసికొనుడు. అమ్ముటయో ఉంచుకొనుటయో ఆ పుస్తకమే మీకు చెప్పును.