ఎర్ర దీపం ఆరకపోతే

అద్దెకు తిప్పే కారు ఇంజను విప్పి బాగుచేయించారనుకోండి. కొత్త బేరింగులు వేశారు. స్టార్టు చేస్తే ఆయిల్ డబ్బా బొమ్మ ఉన్న ఎర్ర దీపం ఆరలేదు. వెంటనే ఇంజను ఆపమనండి.

ఇంజనులో ఆయిల్ ఉంటే చాలదు. పంపు దాన్ని ఒత్తిడితో బేరింగులకు పంపాలి. లేకుంటే లోహం లోహంతో రాసుకుంటుంది. నిమిషాల్లోనే బేరింగులు పోతాయి. అప్పు తెచ్చి పెట్టిన డబ్బూ పోతుంది.

ముందు పుల్ల తీసి ఆయిల్ మట్టం చూడాలి. సరిగ్గానే ఉందా? అయితే దీపం స్విచ్చి విప్పి, అక్కడ మీటరు బిగించాలి. ఒక్కోసారి స్విచ్చిదే తప్పు! వేడెక్కిన ఇంజనుకు 1000 చుట్లకు సుమారు 10 పౌండ్ల ఒత్తిడి ఉండాలని మెకానిక్కుల లెక్క.

మీటరూ తక్కువే చూపిందా? వేడెక్కాక మరీ పడిపోతే బేరింగుల సందు ఎక్కువై ఉండొచ్చు. మొదటినుంచీ లేకపోతే పంపు ఆయిల్ పీల్చడం లేదేమో. "చిక్కటి ఆయిల్ పోస్తే సరి" అంటారు కొందరు. ఒప్పుకోకండి. కింది ఆయిల్ ఛాంబరు విప్పి చూడమనండి.